గంధకం ఏ బ్రాంచ్?

మన కాలేజీలో రోజుకి పదిసార్లయినా వినపడే మాట ఒకటుంది: "అది మన బ్రాంచ్ కాదు." బ్యాటరీ గురించి ఎవరైనా ఎత్తితే ఈఈఈ వాళ్ళని చూపిస్తాం. రాకెట్ అంటే మెకానికల్. డీఎన్ఏ అంటే "బైపీసీ వాళ్ళనడుగు". ఇక సీఎస్ఈ వాళ్ళకి మిగిలేది లీట్‌కోడ్, ఆఫర్ లెటర్. నేనూ సీఎస్ఈనే. నాకూ ఆఫర్ లెటర్ కావాలి, అందులో దాచుకునేదేం లేదు. కానీ ఈ ఒక్క మాట వల్ల మనం పోగొట్టుకుంటున్నది చాలా ఉందని, అందులోనూ బొగ్గు బెల్టు నుంచి వచ్చిన మాలాంటోళ్ళం ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటున్నామని నా అభిప్రాయం.

ఊరికే అంటే నమ్మరు కాబట్టి ఒక్క మూలకాన్ని పట్టుకుని చెప్తా. గంధకం. మనలో చాలామందిమి ఇంగ్లిష్ మీడియం కాబట్టి 'సల్ఫర్' అంటే తొందరగా వెలుగుతుంది. పీరియాడిక్ టేబుల్‌లో 16వ నంబరు, దీపావళి టపాసుల వాసన. ఇది ఏ బ్రాంచ్‌దో చదివాక మీరే చెప్పండి.

మాది బసంత్‌నగర్. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద రామగుండం పోతుంటే టోల్‌గేట్ వస్తుంది చూడండి, అదే. సిమెంట్ ఫ్యాక్టరీ ఊరు. ఇంకొంచెం ముందుకి పోతే ఎన్టీపీసీ చిమ్నీలు, ఆ తర్వాత గోదావరిఖని, సింగరేణి బాయిలు, ఓసీపీలు, మట్టి గుట్టలు. (మా దగ్గర గనిని 'బాయి' అంటారు. "మా బాపు బాయి మీదికి పోయిండు" అంటే నీళ్ళ బావికి కాదు.) ఇక్కడ పుట్టినవాళ్ళకి బొగ్గు, బూడిద, సున్నపురాయి అనేవి చాప్టర్లు కావు, బట్టలారేసిన దండెం మీద రోజూ కనిపించేవి.

బొగ్గులో గంధకం ఉంటుంది. గోదావరి లోయ బొగ్గులో తక్కువే, మామూలుగా నూటికి ఒక పాలు కూడా ఉండదు. అందుకే "మన బొగ్గు మంచిది, గంధకం సమస్య లేదు" అని అందరూ అంటారు. సరే, ఒకసారి కాగితం మీద లెక్క వేద్దాం. ఎన్టీపీసీ రామగుండం కెపాసిటీ 2600 మెగావాట్లు. రోజంతా ఫుల్ లోడ్‌లో నడిస్తే 6.24 కోట్ల యూనిట్లు. యూనిట్‌కి 650 గ్రాముల బొగ్గు పడుతుందనుకుంటే రోజుకి దాదాపు 40 వేల టన్నులు. అందులో గంధకం అర శాతం అనుకుంటే 200 టన్నులు. కాలినప్పుడు దానికి ఆక్సిజన్ తోడై బరువు రెండింతలవుతుంది, అంటే సుమారు 400 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. కొంత బూడిదలో ఉండిపోతుంది, ప్లాంట్ రోజూ ఫుల్ లోడ్‌లో నడవదు, నేను తీసుకున్న అంకెలు గుండ్రటివి, అన్నీ ఒప్పుకుంటా. అయినా 'తక్కువ శాతం' అన్న మాట '40 వేల టన్నులు' పక్కన నిలబడితే ఎట్లా మారిపోతుందో చూడండి. శాతాలు చెప్పి కూర్చోబెట్టేవాళ్ళని "ఎందులో శాతం?" అని అడగాలని నాకు ఈ లెక్కతోనే అర్థమైంది.

ఈ గంధకాన్ని పొగలోంచి తీయడానికి ఒక ప్లాంట్ పెట్టొచ్చు. ఎఫ్‌జీడీ అంటారు. సున్నపురాయిని పొడిచేసి, నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళని పొగ మీద చల్లుతారు. సల్ఫర్ డయాక్సైడ్ వెళ్ళి కాల్షియంని పట్టుకుంటుంది, చివరికి జిప్సం తయారవుతుంది. ఆ జిప్సం ఎక్కడికి పోతుంది? సిమెంట్ ఫ్యాక్టరీకి. సిమెంట్ నీళ్ళు పోయగానే గట్టిపడిపోకుండా ఆపేది అందులో కలిపే ఆ కొంచెం జిప్సమే. అంటే ఎన్టీపీసీ పొగ, బసంత్‌నగర్ దగ్గరి సున్నపురాయి, బసంత్‌నగర్ సిమెంట్, మూడూ ఒకే గొలుసులో పడొచ్చు. ఎన్టీపీసీ లాంటి చోట్ల నుంచి వచ్చే ఫ్లైయాష్ ఎలాగూ సిమెంట్‌లోకి పోతూనే ఉంది. పన్నెండేళ్ళు స్కూల్లో చదివా. మా ఇంటి చుట్టూ ఉన్న ఈ గొలుసు గురించి ఏ సబ్జెక్టులోనూ ఒక్క ముక్క రాలేదు. హేబర్ ప్రాసెస్ మాత్రం మూడుసార్లు వచ్చింది.

2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ ప్లాంట్ల పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌కి హద్దులు పెట్టింది. రెండేళ్ళలో పాటించమంది. ఆ గడువు ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది. చివరికి 2025 జూలైలో, పెద్ద నగరాలకీ బాగా కలుషితమైన ప్రాంతాలకీ దూరంగా ఉన్న ప్లాంట్లకి ఎఫ్‌జీడీ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. దేశంలోని ప్లాంట్లలో నాలుగింట మూడొంతులు పైనే ఈ లెక్కలోకి వస్తాయి. చెప్పిన కారణాల్లో ఒకటి అదే, మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ హద్దుల్లోనే ఉంది అని. కాదనేవాళ్ళు ఏమంటారంటే, ఆ వాయువు గాలిలో ప్రయాణం చేస్తూ చేస్తూ సల్ఫేట్ ధూళిగా మారుతుంది, అది ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేంత సన్నటిది, కాబట్టి చిమ్నీ పక్కన వాయువుని మాత్రమే కొలిచి బాగుందనకూడదు అని. నాకైతే మినహాయింపు నచ్చలేదు. కానీ నచ్చకపోవడం వాదన కాదు కదా. వాదించాలంటే కొలతలు కావాలి. గంటగంటకీ, ఊరూరికీ, గాలి ఎటు వీస్తుందో దాంతో కలిపి కొలతలు కావాలి. మెషిన్‌ది ఒక బ్రాంచ్, వాయువుది ఒక బ్రాంచ్, డేటాది మన బ్రాంచ్. ఒక్కో బ్రాంచ్ విడిగా కూర్చుంటే ఈ పని జరగదు.

ఇక బ్యాటరీ. ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్ కెమిస్ట్రీలో బ్యాటరీల యూనిట్ ఉంది, గుర్తుందా? సెమ్ అయిపోగానే అందరం మర్చిపోయాం. మన ఫోన్లలో ఉండేది లిథియం-అయాన్. దాని పాజిటివ్ వైపు కోబాల్ట్, నికెల్ లాంటి ఖరీదైన లోహాలుంటాయి, లేదా ఐరన్ ఫాస్ఫేట్ ఉంటుంది. దాని బదులు గంధకం పెడితే? లెక్క ప్రకారం ఒక గ్రాము గంధకం 1675 మిల్లీ ఆంపియర్ అవర్ల చార్జ్ పట్టగలదు. ఐరన్ ఫాస్ఫేట్ అయితే 170 దగ్గర ఆగిపోతుంది. వోల్టేజ్ గంధకానికి తక్కువ, రెండు వోల్టుల చిల్లర, కాబట్టి పది రెట్లు అని గంతులేయకూడదు. అయినా తేడా పెద్దదే. పైగా గంధకం చవక. పెట్రోలు, గ్యాస్ శుద్ధి చేసే చోట మిగిలిపోయి పసుపు గుట్టలుగా పడి ఉంటుంది.

మరి ఇంకా మన ఫోన్లలోకి ఎందుకు రాలేదు? ఇదే నాకు బాగా నచ్చిన భాగం. గంధకం కరెంటుని పోనివ్వదు. అది మొదటి తిప్పలు. రెండోది, ఎనిమిది గంధకం పరమాణువులు గాజులాగా వలయంగా ఉంటాయి. లిథియం వచ్చి చేరేకొద్దీ ఆ గాజు విరిగి ముక్కలవుతుంది. ఆ మధ్యలో వచ్చే ముక్కలు, పాలీసల్ఫైడ్లు, బ్యాటరీలోని ద్రవంలో కరిగిపోతాయి. కరిగి ఊరుకోవు, అటు వైపున్న లిథియం దాకా ఈదుకుంటూ పోయి దాన్ని పాడుచేసి మళ్ళీ వెనక్కి వస్తాయి. నైట్ షిఫ్టు వాళ్ళు మస్టర్ పడగానే వెనక గేటు నుంచి ఇంటికి పోయినట్టు. చార్జ్ పెట్టిన ప్రతిసారీ కొంత గంధకం ఇట్లా పారిపోతుంది. మూడోది, పూర్తిగా డిశ్చార్జ్ అయ్యేసరికి గంధకం వైపు సైజు 80 శాతం దాకా ఉబ్బుతుంది. ఉబ్బి, తగ్గి, ఉబ్బి, తగ్గి, లోపల పగుళ్ళు.

2009లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో లిండా నజర్ టీమ్ ఒక పని చేసింది. కొన్ని నానోమీటర్ల వెడల్పు సందులున్న కార్బన్ తీసుకుని, ఆ సందుల్లోకి కరిగిన గంధకాన్ని పీల్చుకునేలా చేశారు. కార్బన్ కరెంటుని మోస్తుంది, సందులు ముక్కల్ని పట్టి ఉంచుతాయి. సమస్య పూర్తిగా తీరలేదు, కానీ ఆ పేపర్ తర్వాత ప్రపంచమంతా ఈ పని మీద పడింది. అంతకుముందే తయారైన లిథియం-సల్ఫర్ బ్యాటరీలతో 2010 జూలైలో జెఫైర్ అనే సోలార్ విమానం, పైలట్ లేకుండా, రెండు వారాలు కిందికి దిగకుండా ఎగిరింది. పగలు ఎండ, రాత్రి గంధకం. ఇంకోవైపు, ఇవే బ్యాటరీల మీద ఏళ్ళతరబడి పనిచేసిన ఆక్సిస్ ఎనర్జీ అనే బ్రిటిష్ కంపెనీ 2021లో డబ్బుల్లేక చేతులెత్తేసింది. ఈ రెండూ కలిపి చెప్తేనే నిజం. "పెట్రోల్ బంకులు ఇక మూతే" అని వాట్సాప్‌లో వచ్చేది ఎప్పుడూ ఒక్క సగమే. అట్లాగే ఎన్టీపీసీ పొగలో గంధకం పట్టుకుని బ్యాటరీలు చేసేద్దాం అని కూడా నేననను. పొగలోంచి వచ్చేది జిప్సమే, బ్యాటరీకి గంధకం రిఫైనరీ దగ్గరే చవక.

అంతరిక్షానికి మా ఊరికి ఉన్న చుట్టరికం ఒక్కటే, మా దగ్గర ఒక రన్‌వే ఉంది. 1980ల్లో అక్కడ వాయుదూత్ విమానాలు దిగేవి. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ వస్తుందని ప్రతి ఎలక్షన్‌కీ వింటాం. సరే, అది పక్కన పెడదాం. గంధకం మాత్రం ఆ రన్‌వే కన్నా చాలా దూరం పోయింది.

2005 జనవరి 14న హైగెన్స్ అనే చిన్న ప్రోబ్ శని గ్రహం చందమామ టైటన్ మీద దిగింది. 1997లో కాసినీతో బయల్దేరి ఏడేళ్ళు ప్రయాణం. అన్నేళ్ళూ దాని బ్యాటరీలు నిద్రలో ఉండి, చివర్లో కొన్ని గంటలు మాత్రం పక్కాగా పనిచేయాలి. ఆ బ్యాటరీలు లిథియం, సల్ఫర్ డయాక్సైడ్‌లతో చేసినవి. సల్ఫర్ డయాక్సైడ్! మా చిమ్నీలోంచి రోజూ పోయేది, ఇప్పుడే 400 టన్నులని లెక్క కట్టింది. పారాచూట్‌తో రెండున్నర గంటలు దిగుతూ, దిగాక ఇంకో గంటకి పైగా, ఆ బ్యాటరీల మీదే హైగెన్స్ కబుర్లు పంపింది. దానికి రెండేళ్ళ ముందు కొలంబియాతో పాటు పోయిన కల్పనా చావ్లా పేరు మనందరికీ తెలుసు. 1997 నవంబరులో ఆమె మొదటి ప్రయాణంలో, అదే షటిల్‌లో, సోడియం-సల్ఫర్ బ్యాటరీ ఒకటి టెస్టింగ్‌కి వెళ్ళింది. ఆ బ్యాటరీ లోపల సోడియం, గంధకం రెండూ కరిగి ద్రవంగా ఉంటాయి, 300 డిగ్రీల పైన. బరువే లేని చోట ఆ ద్రవాలు కుదురుగా పనిచేస్తాయా అనేది ప్రశ్న. స్కూల్లో కల్పనా చావ్లా మీద ఎస్సే రాయించారు, ఆ బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలేదు.

మనదే కావాలంటే చంద్రయాన్-3. 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగినప్పుడు హాస్టల్ టీవీల ముందు, ఇళ్ళల్లో, అందరం అరిచినవాళ్ళమే. ఆ తర్వాత వారంలో ఏం జరిగిందో ఎంతమంది చూశారు? ప్రజ్ఞాన్ రోవర్‌లో లిబ్స్ అనే పరికరం ఉంది, బెంగళూరులోని ఇస్రో ల్యాబ్ లియోస్‌లో తయారైంది. అది చంద్రుడి మట్టి మీద లేజర్ కొడుతుంది. ఆ వేడికి మట్టి కొంచెం ప్లాస్మాగా మారి వెలుగుతుంది. ఒక్కో మూలకం వెలుగుకి తనదైన రంగుల గీతలుంటాయి. ఆ గీతల్ని చదివి ఆగస్టు చివర్లో ఇస్రో ప్రకటించింది: దక్షిణ ధ్రువం దగ్గరి మట్టిలో గంధకం ఉంది, సందేహం లేదు. చుట్టూ తిరిగే ఉపగ్రహాల నుంచి అది తేల్చడం కుదరలేదు, కిందికి దిగి కొలిస్తేనే తేలింది. ఆ గీతలు ఎలా ఉంటాయో ఇస్రో పెట్టిన గ్రాఫ్ చూడండి. ఒక అంకెల వరుస, అందులో శిఖరాలు. ఏ శిఖరం ఎవరిదో, ఏది నాయిజో తేల్చాలి. ఇది సీఎస్ఈ పని కాకపోతే మరేంటి? సిగ్నల్ ప్రాసెసింగ్ ఎలక్టివ్‌ని "స్కోరింగ్ కాదు" అని వదిలేసినవాళ్ళని నేను చాలామందిని చూశా.

ఆ కథలో బ్యాటరీ కూడా ఉంది. సెప్టెంబర్ 2న రోవర్‌ని, 4న ల్యాండర్‌ని నిద్రపుచ్చారు. చంద్రుడి మీద రాత్రి అంటే మనకి రెండు వారాలు, చలి మైనస్ వందకి చాలా కింద. 22న తెల్లారాక పిలిచి చూశారు, పలకలేదు. మిషన్ ప్లాన్ చేసింది ఒక్క పగటికే కాబట్టి ఇది ఓటమి కాదు. కానీ ఆ చలి రాత్రి తట్టుకునే బ్యాటరీ ఉంటే ఆ రెండూ ఇంకెన్ని కొలిచేవో. అక్కడ గంధకం కనిపెట్టిన మెషిన్‌ని ఆపింది ఆ చలి రాత్రి. ఇది ఏ బ్రాంచ్?

మూడోది నాకు అసలు తెలియని లోకం, జీవశాస్త్రం. నేను ఎంపీసీ. జువాలజీ పుస్తకం చెల్లెలి దగ్గర చూడటమే. కానీ మాలిక్యులర్ బయాలజీ పుట్టుకలో ఒక ముఖ్యమైన ప్రయోగం గంధకం మీదే నిలబడింది. 1952, అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేజ్. అప్పటికి వంశపారంపర్య సమాచారం ప్రోటీన్‌లో ఉందా, డీఎన్ఏలో ఉందా అనేది ఇంకా గొడవే. బ్యాక్టీరియా మీద దాడిచేసే వైరస్ ఒకటి తీసుకున్నారు. దానిలో ఉన్నవి రెండే, ప్రోటీన్ తొడుగు, లోపల డీఎన్ఏ. వాళ్ళకి పనికొచ్చిన తేడా ఇది: ప్రోటీన్‌లో గంధకం ఉంటుంది, డీఎన్ఏలో ఉండదు. డీఎన్ఏలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది. కాబట్టి రేడియోధార్మిక గంధకంతో ప్రోటీన్‌కి, రేడియోధార్మిక ఫాస్ఫరస్‌తో డీఎన్ఏకి గుర్తులు పెట్టారు. వైరస్‌ని బ్యాక్టీరియా మీదకి వదిలి, కాసేపాగి, బ్లెండర్‌లో, అంటే మన మిక్సీ చుట్టంలో, గిర్రున తిప్పి బయట అతుక్కున్న తొడుగుల్ని ఊడగొట్టారు. గంధకం చాలావరకు బయటే మిగిలింది. ఫాస్ఫరస్ లోపలికి పోయింది. వైరస్ తన పిల్లల్ని చేసుకోవడానికి లోపలికి పంపింది డీఎన్ఏనే. వేరియబుల్‌కి ట్యాగ్ తగిలించి అది ఏ ఫంక్షన్‌లోకి పోతుందో చూసినట్టు. డీబగ్గింగే.

ఆ ఫాస్ఫరస్ వైపు మనోడు ఒకాయన ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన పేరు క్విజ్‌ల్లో వస్తుంది, మందులు కనిపెట్టినాయన అని. నాకు ఆయన మొదటి పని ఎక్కువ నచ్చుతుంది. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి చేశాడు. అంతే, ఒక కొలిచే పద్ధతి. దాంతో కండరాన్ని కొలుస్తూ పోతే లెక్క తేడా వచ్చింది, ఆ తేడా వెంట పోతే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. ఏటీపీ అంటే మన కణాల్లో చార్జ్ అయి ఉన్న బ్యాటరీ అనుకోవచ్చు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. మా బెల్టులో గాలి గురించి నేను పైన అన్నది ఇదే: ముందు కొలత.

ఇంకో ముక్క. మన శరీరంలో ప్రోటీన్ తయారీ మొదలయ్యేది మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో, దానిలో గంధకం ఉంటుంది. మొక్కల్లోనూ అంతే. పాతిక కోట్ల ఏళ్ళకి వెనక గోదావరి లోయలో పెరిగిన చెట్ల ప్రోటీన్లలో ఉన్న గంధకం కొంత, ఆ చెట్లతో పాటే పూడిపోయి, బొగ్గులో ఉండి, ఇప్పుడు చిమ్నీలోంచి బయటికొస్తోంది. ఆ ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసినందుకు 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకి ఇచ్చారు. హస్సాబిస్ డిగ్రీ చేసింది కంప్యూటర్ సైన్స్‌లో. నోబెల్ కమిటీ "మీ బ్రాంచ్ ఏంటి" అని అడగలేదు.

ఇంతా విని మా రూమ్మేట్ అన్న మాట: "ఇవన్నీ బాగానే ఉన్నయ్‌రా, కానీ రీసెర్చ్‌లో ప్యాకేజ్ ఎంత?" నిజమైన ప్రశ్న. ఇంట్లో లోన్ ఉన్నవాడికి ఐదేళ్ళ పీహెచ్‌డీ చెయ్యమని సలహా ఇవ్వడం తేలిక. నేను ఆ సలహా ఇవ్వట్లేదు. నేనడిగేది చిన్నది: మనం రాసే కోడ్‌కి ఒక నిజమైన వస్తువు దొరకాలి. మేజర్ ప్రాజెక్టుల లిస్ట్ చూడండి. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, మళ్ళీ ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, హౌస్ ప్రైస్ ప్రెడిక్షన్. బోస్టన్ ఇళ్ళ ధరలు! గోదావరిఖనిలో క్వార్టర్ కిరాయి ఎంతో మనకి తెలియదు, బోస్టన్‌లో ఇల్లు ధర మాత్రం చెప్తాం.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. గోదావరిఖనిలో నా ఫ్రెండ్ వాళ్ళ నాన్న, బాయిలో పనిచేస్తారు, నేను బ్యాటరీల గురించి వాగుతుంటే ఊరుకుని విని, చివర్లో అన్నారు: "ఏం బిడ్డా, మీ బ్యాటరీలొస్తే మా బాయిలు మూసుడే గదా?" దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. ఎండ కరెంటుని రాత్రికి దాచిపెట్టే చవక బ్యాటరీ వచ్చిన రోజు బొగ్గు అవసరం తగ్గుతుంది, అది నిజం. కానీ ఒక సంగతి చూడాలి. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకి పైగా కార్మికులుండేవాళ్ళు. ఇప్పుడు నలభై వేల చిల్లర. ఆ తగ్గింది బ్యాటరీల వల్ల కాదు. ఓపెన్‌కాస్ట్‌లు, షావెళ్ళు, డంపర్లు వచ్చాయి, బొగ్గు పెరిగింది, మనుషులు తగ్గారు. మా దగ్గర బొగ్గుతో యూరియా చేసే ఫ్యాక్టరీ ఒకటి 1980లో మొదలై 1999లో మూతపడింది. ఇప్పుడు అదే చోట నడుస్తున్న యూరియా ప్లాంట్ గ్యాస్ మీద నడుస్తుంది. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. ఎవరూ మమ్మల్ని అడిగి మార్చలేదు. మార్పు మేం వద్దంటే ఆగేది కాదు. అది వచ్చినప్పుడు మా బెల్టు పిల్లలు దాన్ని తయారుచేసే వైపు ఉంటారా, సెక్యూరిటీ గార్డ్ కాంట్రాక్ట్ వైపు ఉంటారా అనేదే నా గొడవ. కరెంటు మా దగ్గర పుడుతుంది. దాని మీద పరిశోధన చేసే ఎన్టీపీసీ సెంటర్ నేత్ర గ్రేటర్ నోయిడాలో ఉంది. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ మూడూ హైదరాబాద్‌లో ఒకే రోడ్డు మీద. బూడిద మాత్రం మా దగ్గరే.

బొగ్గు బెల్టులో ఇంకో ఐఐటీ పెట్టమని డిమాండ్ చెయ్యొచ్చు, ఎలక్షన్‌లో ఎయిర్‌పోర్ట్ పక్కన అది కూడా చేరుతుంది. నాకు దాని మీద నమ్మకం లేదు. మన చేతిలో ఉన్నది మినీ ప్రాజెక్ట్. దానికి ఒక చిన్న రూల్ అడ్డం ఉంది, బ్యాచ్‌లో అందరూ ఒకే బ్రాంచ్ వాళ్ళే ఉండాలని. ఎందుకంటే మార్కులు డిపార్ట్‌మెంట్ వారీగా ఎంటర్ చేయాలట. ఇద్దరు గైడ్‌లని పెట్టి, ఎవరి డిపార్ట్‌మెంట్ మార్కులు వాళ్ళు వేస్తే సరిపోదా అని అడిగితే "ఇప్పటిదాకా అట్లా చెయ్యలేదు" అన్నారు. అది కారణం కాదు, అలవాటు.

నేను చేయాలనుకుంటున్నది ఇది. బసంత్‌నగర్, ఎన్టీపీసీ టౌన్‌షిప్, గోదావరిఖని, మూడు చోట్ల ఇళ్ళ మీద చిన్న సెన్సర్ పెట్టెలు. సల్ఫర్ డయాక్సైడ్, సన్నటి ధూళి, గాలి దిక్కు, వేడి, తేమ. ఆరు నెలలు. చవక సెన్సర్లతో పెద్ద తిప్పలుంది. తేమ పెరిగితే అబద్ధం చెప్తాయి, పక్క వాయువుని చూసి ఇదే అనుకుంటాయి, నెలలు గడిస్తే జారిపోతాయి. కోడ్ రాయడం నాకొచ్చు, కానీ సెన్సర్ ఎప్పుడు అబద్ధం చెప్తుందో కెమిస్ట్రీ తెలిసినవాళ్ళే చెప్పాలి. ప్రభుత్వం నడిపే మానిటరింగ్ స్టేషన్ రీడింగ్‌లతో పోల్చి సరిదిద్దాలి. కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ, సోలార్ ఈఈఈ వాళ్ళు చూడాలి. ఆరు నెలల తర్వాత మా డేటా ఎఫ్‌జీడీ వద్దన్నవాళ్ళదే కరెక్ట్ అని చూపిస్తే అదే రాస్తాం. లేదంటే ఆ గ్రాఫ్ ఎక్కడికి తీసుకెళ్ళాలో అప్పుడు ఆలోచిస్తాం. కనీసం మా ఊరి గాలి మీద మాట్లాడేటప్పుడు మా ఊరి అంకెలుంటాయి.

బ్యాచ్ ఫారమ్‌లు వచ్చే నెల ఇస్తారు. ఈలోపు రెండు బ్రాంచ్‌ల వాళ్ళకి కలిపి బ్యాచ్ ఇవ్వమని ఒక లెటర్ రాశా, తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి. క్లబ్ రూమ్‌లో టేబుల్ మీద ఉంటుంది. సంతకం పెట్టడానికి సీఎస్ఈ వాళ్ళే అయ్యుండక్కర్లేదు. మా బ్యాచ్‌కి ఈఈఈ నుంచి ఒకమ్మాయి ఒప్పుకుంది, మందమర్రి వాళ్ళు. కెమికల్ నుంచి ఒకరు కావాలి. బొగ్గు బెల్టు వాళ్ళయితే ఇల్లు కూడా దొరుకుతుంది పెట్టె పెట్టడానికి.